రాజుగారు తిట్టిన సరుకు

వెండికి ఎత్తుకెత్తు

పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో జాన్ ఆబ్రీ అనే పెద్దమనిషి ఉండేవాడు. ఊళ్లోవాళ్ల పాత కబుర్లంటే ఆయనకు చెవికోత. తన విల్ట్‌షైర్ ప్రాంతపు ముసలి రైతులు చెప్పగా విని రాసిపెట్టుకున్న ముచ్చట ఒకటుంది. పొగాకు కొత్తగా దిగిన రోజుల్లో దాన్ని వెండికి ఎత్తుకెత్తు అమ్మేవారట. మామ్స్‌బరీ, చిప్పెనమ్ సంతలకు వెళ్లే రైతులు తక్కెడలో వేయడానికి సంచీలోంచి పెద్ద పెద్ద షిల్లింగులు ఏరి తీసేవారట. అప్పటి నాణేలు సుత్తితో కొట్టి చేసినవి, పైగా అంచులు చెక్కి వెండి దొంగిలించే ఘనులు ఊరూరా ఉండేవారు. అందుకే పేరుకి అన్నీ షిల్లింగులే అయినా ఏ రెండూ ఒకే బరువు తూగవు. బరువైన నాణెం పడితే నాలుగు దమ్ములు ఎక్కువొస్తాయని రైతు లెక్క.

ఇంత ఖరీదు సరుకు గనక ఒక పైపు ముట్టించి బల్ల చుట్టూ చేతులు మార్చుకుంటూ పీల్చేవారు. దొరలకు వెండి పైపులు. లేనివాళ్లు అక్రోటు కాయ డొప్పకు గడ్డిపరక గుచ్చి పని కానిచ్చేవారు. ఇదీ ఆబ్రీ చెప్పిందే.

2 పెన్నీల మీద 80 పెన్నీలు

1603లో గద్దెనెక్కిన జేమ్స్ రాజుకు పొగాకంటే ఒళ్లుమంట. మరుసటి ఏడాదే పొగతాగేవాళ్లను దుమ్మెత్తిపోస్తూ ఒక చిన్న పుస్తకం అచ్చేయించాడు, తన పేరు పెట్టకుండా. 1604లోనే దిగుమతి సుంకం కూడా పెంచాడు. అప్పటిదాకా పౌనుకు 2 పెన్నీలున్న సుంకం మీద ఇంకో 6 షిల్లింగుల 8 పెన్నీలు వేశాడు. షిల్లింగుకు 12 పెన్నీలు కాబట్టి మొత్తం 82 పెన్నీలు, అంటే పాత సుంకానికి 41 రెట్లు.

జనం మానేశారా? లేదు. సరుకు దొంగదారి పట్టింది. కొన్నేళ్లకే ఆ సుంకం తగ్గించక తప్పలేదు. ఆ తర్వాత ఖజానాకు పొగాకు రుచి తగిలింది. కంపు సరుకని తిట్టిన రాజే దాని మీద వచ్చే రాబడికి కాపలా కూర్చున్నాడు. అప్పటినుంచి రెండు వందల ఏళ్ల పాటు ఇంగ్లండులో పొగాకు వర్తకుడి బతుకంతా ఈ పేచీతోనే గడిచింది. సర్కారుకు అతని సరుకు అక్కర్లేదు, అతని సొమ్ము మాత్రం కావాలి.

ఏబెల్ డ్రగ్గర్ కొట్టుకు వాస్తు

లండన్ పొగాకు కొట్టు లోపల ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే బెన్ జాన్సన్ 1610 నాటి నాటకం ‘ది ఆల్కెమిస్ట్’ చూడాలి. అందులో ఏబెల్ డ్రగ్గర్ అనే అమాయకపు కుర్రాడు వీధి మూల మీద కొత్తగా పొగాకు కొట్టు పెట్టుకుంటూ, దొంగ రసవాది ఒకడి దగ్గరికి సలహాకు వస్తాడు. తలుపు ఎటు పెట్టాలి, అలమరలు ఏ గోడకు, పెట్టెలు ఎక్కడ, జాడీలు ఎక్కడ? అచ్చం మనవాళ్లు వాస్తు సిద్ధాంతి ముందు ఇంటి ప్లాను పరిచి కూర్చున్నట్టే. ఆపైన పంచాంగం చేతికిచ్చి, తనకు అచ్చిరాని రోజులు కొట్టేసి ఇమ్మంటాడు, ఆ రోజుల్లో బేరం చేయకుండా, అరువివ్వకుండా ఉండటానికి. దుర్ముహూర్తాలు చూసుకుని షట్టరెత్తే మన వ్యాపారులకు ఈ డ్రగ్గర్ దూరపు చుట్టంలాగే కనిపిస్తాడు.

డ్రగ్గర్‌ను పొగిడే మాటల్లో జాన్సన్ ఆ వర్తకుల గుట్టంతా బయటపెట్టాడు. ఇతను సారాయి మడ్డి కలపడు, నూనె పట్టించడు, ద్రాక్షసారాలో కడగడు, జిడ్డు తోళ్లలోనో ఉచ్చగుడ్డల్లోనో చుట్టి కంకరలో పాతిపెట్టడు అంటూ సాగుతుంది ఆ పొగడ్త. మిగతావాళ్లంతా చేసే పని అదేనని ప్రేక్షకులకు తెలుసు గనకే నవ్వారు. తేమ పడితే బరువు పెరుగుతుంది, పాతిపెడితే వాసన ఘాటెక్కి నాసి ఆకు కూడా మేలురకంలా చెలామణీ అవుతుంది.

అదే చోట సరంజామా లెక్కా దొరుకుతుంది. ఆకు తరగడానికి మేపుల్ చెక్క దిమ్మ, నిప్పుకణిక పట్టడానికి వెండి పట్టుకారు, వించెస్టర్ మట్టి పైపులు, ఎప్పుడూ రగులుతూ ఉండే జూనిపర్ కట్టెల నిప్పు. కొనేవాడు అక్కడే పైపు నింపించుకుని, ముట్టించుకుని, నచ్చితే పొట్లం కట్టించుకునేవాడు. నూట ముప్ఫై ఏళ్ల తర్వాత, లండన్ రంగస్థలాన్ని ఏలిన డేవిడ్ గారిక్ ఏరికోరి వేసిన పాత్రల్లో ఈ డ్రగ్గర్ ఒకటి. హామ్లెట్ వేసిన మనిషే ఈ వెర్రివాడి వేషం కట్టి జనాన్ని విరగబడేలా నవ్వించేవాడు.

పైపులవాళ్లకు సంఘం, ఆకువాళ్లకు లేదు

ఆ నాటకంలో డ్రగ్గర్ పచారీ వర్తకుల సంఘం సభ్యుడు. అది కల్పన కాదు, రివాజే. పొగాకు అమ్మేవాళ్లకు లండన్‌లో విడిగా ఒక సంఘం లేదు. మందుల కొట్లవాళ్లు, పచారీవాళ్లు, కొవ్వొత్తులు అమ్మేవాళ్లు, సారా దుకాణాలవాళ్లు, ఎవరికి వాళ్లు అమ్ముకునేవారు. 1611 నాటి ‘ది రోరింగ్ గర్ల్’ నాటకంలో పొగాకు నమూనా చూపించి అమ్మేది మందుల వర్తకుడి భార్య. కొట్టు మగవాడి పేరున, బేరం ఆడమనిషి నోట. ఇది మనకూ తెలియని సంగతేం కాదు. మట్టి పైపులు చేసేవాళ్లకు మాత్రం 1619లోనే రాజుగారి సనదుతో సొంత సంఘం ఏర్పడింది.

1614లో బార్నబీ రిచ్ అనే పాత సిపాయి, లండన్‌లో పొగాకు అమ్మే చోట్లు 7,000 పైచిలుకు ఉంటాయని రాశాడు. అప్పటి లండన్ జనాభా సుమారు 2 లక్షలు. ఆయన లెక్కే నిజమైతే ముప్ఫై మందికి ఒక కొట్టు. పసిపిల్లల్ని తీసేస్తే ఇంకా తక్కువ మందికే. కోపంలో వేసిన లెక్క కాబట్టి సగానికి సగం కోసుకోవచ్చు. అయినా వీధికొకటి ఉండేదని తేలిపోయింది కదా. 1630లలో చార్లెస్ రాజు ఈ గుంపును చూసి నోరూరి, పొగాకు చిల్లరగా అమ్మాలంటే లైసెన్సు ఉండాల్సిందేనన్నాడు. ముందు కొంత రొక్కం, ఆపైన ఏటా కిస్తీ.

పొగతాగడం నేర్పబడును

నవ్వొద్దు, ఇది గురువు దగ్గర నేర్చుకునే విద్యగా చెలామణీ అయింది. 1599 నాటి ఒక జాన్సన్ నాటకంలో షిఫ్ట్ అనే మోసగాడు, పెద్దమనుషుల పిల్లలకు పొగతాగడంలో మెళకువలు నేర్పుతానని సెయింట్ పాల్ చర్చిలో ప్రకటన అంటిస్తాడు. ముక్కులోంచి వదలడం, ఉంగరాలు చుట్టడం, మింగి దాచుకోవడం, ఇవీ పాఠాలు. ‘కన్యాశుల్కం’లో వెంకటేశానికి చుట్ట మహిమ బోధించిన గిరీశం దాదాపు మూడు వందల ఏళ్లు ఆలస్యంగా వచ్చాడన్నమాట.

రాలీ సేవకుడు నిజంగా నీళ్లు కుమ్మరించాడా

ఎలిజబెత్ రాణి కొలువులోని సర్ వాల్టర్ రాలీ పొగ తాగుతుంటే, ఒళ్లంటుకుందనుకుని సేవకుడు కంగారుపడి నీళ్లు కుమ్మరించాడన్న కథ మన పాత పాఠకులకూ తెలుసు. ఇలాంటి కథే అంతకుముందు రిచర్డ్ టార్ల్‌టన్ అనే హాస్యనటుడి పేరున అచ్చయింది. రాలీ పేరు తర్వాత తగిలించారు.

పైపు ముక్క చెప్పే వయసు

థేమ్స్ నది పోటు తగ్గాక ఒడ్డున బురదలో తెల్లటి మట్టిగొట్టం ముక్కలు ఇప్పటికీ దొరుకుతాయి. తెల్లబంకమట్టిని సన్నగా చుట్టి, మధ్యలో తీగ దూర్చి, రెండు భాగాల అచ్చులో నొక్కి, బట్టీలో కాల్చేవారు. చౌకగా దొరికేవి, చిటుక్కున విరిగేవి, పారేసేవారు. తవ్వకాలవాళ్లకు ఇంతకంటే వరమేముంటుంది!

తొలినాళ్ల పైపు గిన్నె మరీ చిన్నది, చిటికెన వేలి కొస పట్టేంత. పొగాకు బంగారమైన రోజుల్లో అంతకంటే ఎవరు నింపగలరు? ధర పడేకొద్దీ గిన్నె పెరిగింది. ఎప్పుడెప్పుడో పారేసిన ఆ చిన్న గిన్నెలు పొలాల్లో దొరికితే, అవి దేవకన్యలు తాగిన పైపులని పల్లెజనం చెప్పుకునేవారు. గొట్టం లోపలి బెజ్జం కథ దీనికి తలకిందులు. కాలం గడిచేకొద్దీ గొట్టం పొడుగైంది, బెజ్జం సన్నబడింది. 1954లో జె.సి. హారింగ్టన్ అనే అమెరికా పురావస్తు పరిశోధకుడు మామూలు డ్రిల్లు బిట్లు తీసుకుని వర్జీనియాలో దొరికిన ముక్కల బెజ్జాలు కొలిచాడు. 1620 ప్రాంతంలో అంగుళంలో 64వ వంతులు 8 ఉన్న బెజ్జం, 1800 నాటికి 4కు దిగిందని తేల్చాడు. ఇప్పుడు ఒక పాత ఇంటి పునాదిలో గుప్పెడు ముక్కలు దొరికితే ఆ ఇల్లు ఏ తరానిదో ఉజ్జాయింపుగా చెప్పేయొచ్చు.

సొంత గడ్డ మీద పండిస్తే నేరం

లండన్ వర్తకుడు జాన్ స్ట్రాట్‌ఫర్డ్‌ది గ్లాస్టర్‌షైర్. అప్పుల్లో చిక్కుకుని, 1619లో భాగస్తుల్ని కూడగట్టి, తన సొంత ప్రాంతమైన వించ్‌కూంబ్ చుట్టుపక్కల పొలాలు కౌలుకు పట్టి పొగాకు వేయించాడు. నారుపోయాలి, నాటాలి, తలలు తుంచాలి, కోయాలి, ఆరబెట్టాలి. ఎకరానికి ఎంతమందికి పని దొరుకుతుందో ప్రకాశం జిల్లా రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. పనికోసం చూసే బీదజనం ఎగబడ్డారు. పంట చేతికొచ్చీరాగానే, అదే ఏడాది చివర్లో, ఇంగ్లండులో పొగాకు పండించరాదని రాజాజ్ఞ.

కారణం సుంకమే. సముద్రం దాటి వచ్చే ఆకు రేవులో పన్ను కట్టి తీరాలి, పెరట్లో పండిన ఆకు కట్టదు. అమెరికాలో పొగాకు పండించే వర్జీనియా కంపెనీ కూడా రాజు చెవిలో ఇదే ఊదింది. స్ట్రాట్‌ఫర్డ్ మునిగాడు గానీ ఊరు ఊరుకోలేదు. దొంగచాటుగా, తర్వాత బాహాటంగా, అరవై డెబ్భై ఏళ్లు పండిస్తూనే ఉన్నారు. 1652లో పార్లమెంటు చట్టం చేసింది, తర్వాత క్రామ్‌వెల్ ప్రభుత్వం పంట తొక్కించడానికి గుర్రపు దళాల్ని పంపింది. జనం కర్రలు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. 1667 సెప్టెంబరులో కూడా రాజుగారి అంగరక్షక దళం వించ్‌కూంబ్ పొగాకు నాశనం చేయడానికి వెళ్లిందని లండన్‌వాసి శామ్యూల్ పీప్స్ రాసుకున్న డైరీలో ఉంది. ఆ ఏడాది జూన్‌లోనే డచ్చివాళ్లు మెడ్వే నదిలోకి వచ్చి ఇంగ్లండు యుద్ధనౌకల్ని తగలబెట్టిపోయారు. అయినా సర్కారుకు పొగాకు మొక్కలు పీకించడానికి తీరిక దొరికింది.

1619 ఇంకొక దానికీ గుర్తు. వర్జీనియా తీరానికి తొలిసారిగా ఆఫ్రికన్ బందీల్ని ఓడలో తెచ్చి అమ్మింది ఆ ఏడాదే.

ప్లేగు ఊళ్లో పొగచుట్ట

1665 జూన్ 7న పీప్స్ లండన్ డ్రూరీ లేన్‌లో నడుస్తున్నాడు. రెండు మూడు ఇళ్ల తలుపుల మీద ప్లేగు గుర్తుగా ఎర్ర సిలువలు కనపడ్డాయి. గుండె గుభేలుమంది. వెంటనే పక్కన పొగాకు కొని, కాస్త వాసన చూసి, కాస్త నమిలి, అప్పుడు కుదుటపడ్డానని రాసుకున్నాడు. పొగాకు అమ్మేవాళ్లకు ప్లేగు సోకదని ఊరంతా నమ్మకం. ఈటన్ బడిలోనైతే పిల్లలందరూ రోజూ పొద్దున్నే పొగతాగాలని హుకుం జారీ అయిందట. తాగనందుకు బెత్తం దెబ్బలు తిన్న కుర్రాడొకడు పెద్దయ్యాక చెప్పుకున్న ఆ సంగతిని థామస్ హెర్న్ అనే ఆయన 1721లో తన డైరీకెక్కించాడు.

ప్లేగును మోసేది ఎలుకల మీది గోమార్లని తెలియడానికి ఇంకో రెండు శతాబ్దాలు పట్టింది. ఈలోగా కొట్లవాళ్లకు మాత్రం గిరాకీయే గిరాకీ.

లాంకాస్టర్‌లో కొట్టులోనే పడక

విలియం స్టౌట్ తన బతుకంతా పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు. లాంకాస్టర్ ఊళ్లో పచారీ, ఇనుప సామాను కొట్టు ఆయనది. నాటకాల్లో కనపడే లండన్ షోకిలా కొట్టు వేరు, ఇది వేరు. ఇంగ్లండులో చాలామంది పొగాకు కొన్నది ఇలాంటి చోటే, మేకుల పక్కన, ఎండుపండ్ల పక్కన.

1680లలో అప్రెంటిసుగా చేరిన కుర్ర విలియం పని మామూలు రోజుల్లో పొట్లాలు కట్టడం. చక్కెర, పొగాకు, మేకులు, ప్రూన్ పండ్లు ముందే తూచి ఉంచాలి, సంతరోజు నిలబడి తూచే తీరిక ఉండదు. రాత్రి ఏ వేళప్పుడు ఎవరొచ్చి తలుపు కొట్టినా లేచి సరుకివ్వాలి కాబట్టి పడక కొట్టులోనే. కిటికీలకు అద్దాలుండవు. చలికాలం కూడా తెరిచిపెట్టి రాత్రిదాకా కూర్చోవాలి.

1688లో సొంత కొట్టు పెట్టాడు. 120 పౌండ్లు పట్టుకుని గుర్రం మీద లండన్ వెళ్లి 200 పౌండ్ల పైచిలుకు సరుకు కొన్నాడు. ఒక్కొక్కరికి సగం రొక్కం, సగం అప్పు. కొత్తగా కొట్టు పెట్టే కుర్రాడికి అది మామూలేనని తనే రాశాడు. సరుకు ఓడలో వచ్చింది, ఆయన షెఫీల్డ్ మీదుగా ఇనుప సామాను కొనుక్కుంటూ ఇల్లు చేరాడు. పెళ్లి చేసుకోలేదు. అక్క ఎలిన్ ఇల్లు చూసుకునేది, సంతరోజు కొట్టులో కూడా నిలబడేది. తర్వాత తనూ వర్జీనియాకు పోయే ఓడలో వాటా తీసుకుని చేతులు కాల్చుకున్నాడు. క్వేకరు మతస్తుడు, పైసా పైసాకూ లెక్క రాసేవాడు, అలాంటివాడికే ఆశ పుట్టిందంటే ఆ రోజుల్లో వర్జీనియా పేరు ఎంత మత్తెక్కించేదో!

చిల్లర లేదా? నా బిళ్ల తీసుకో

1648 నుంచి 1672 దాకా ఇంగ్లండులో కొట్లవాళ్లే సొంత ఫార్దింగు (పావు పెన్నీ) బిళ్లలు కొట్టించుకున్నారు. సర్కారు చిల్లర నాణేలు కరువై చేసిన ఏర్పాటది. పొగాకు వర్తకుడి బిళ్ల మీద అడ్డంగా పెట్టిన రెండు పైపులో, పేనిన పొగాకు చుట్టలో బొమ్మగా ఉండేవి. ఆ వీధి దాటితే ఆ బిళ్ల చెల్లదు. 1672లో రాజుగారి రాగి నాణేలు రాగానే బిళ్లల మీద నిషేధం పడింది.

బోర్డు మీద బొమ్మ

చదువురాని జనానికి కొట్టు గుర్తుండాలంటే బొమ్మ కావాలి. పొగాకు కొట్టు ముందు చెక్కతో చేసిన నల్లపిల్లవాడు నిలబడేవాడు, మొలకు ఆకుల లంగా, తలమీద ఈకలు, చేతిలో పైపు. ఆఫ్రికావాడో, అమెరికా ఆదివాసీయో చెక్కినవాడికే తెలియదు. పొట్లాల కాగితాల మీదా అవే బొమ్మలు, పక్కన ఓడలు, పీపాలు, హాయిగా పొగతాగే నల్లవాళ్లు. అమెరికాలోని చెసపీక్ తోటల్లో బానిసలు కొరడా కింద నలుగుతుంటే, లండన్ పొట్లం మీద వాళ్లు నవ్వుతూ కూర్చున్నారు. ఆ వ్యాపారంలో ఇంతకంటే పెద్ద కల్తీ నాకు కనపడలేదు.

వాళ్ల చాకిరీ కూడా కలిసి సరుకు పెరిగింది. 1617లో వర్జీనియా నుంచి వచ్చింది ఇంచుమించు 20,000 పౌన్లు. 1700 నాటికి ఇంగ్లండు ఏటా దింపుకున్నది 3.8 కోట్ల పౌన్లకు దగ్గర. అందులో మూడింట రెండు వంతులు మళ్లీ యూరప్‌కు ఎగుమతి.

ముక్కుపొడుం ఓడ

1702లో స్పెయిన్ తీరాన ఇంగ్లండు అడ్మిరల్ రూక్ నౌకాదళం శత్రువుల ఓడల్ని కొల్లగొట్టింది. దొరికిన వాటిలో టన్నులకొద్దీ ముక్కుపొడుం. దాన్ని నావికులు ఇంగ్లండు రేవుల్లో అయినకాడికి తెగనమ్మారు. అప్పటిదాకా దొరలకే పరిమితమైన నస్యం అలా అందరి ముక్కుల్లోకీ ఎక్కిందని స్ట్రాండ్ వీధిలో అత్తరు వర్తకుడు చార్లెస్ లిల్లీ రాశాడు. 1720లో లండన్ హేమార్కెట్‌లో ‘ఆకురాయి, కిరీటం’ గుర్తుతో వెలిసిన ఫ్రిబర్గ్ నస్యం కొట్టు 1981 దాకా అక్కడే నడిచింది.

మంత్రిని కదిలించిన కొట్లవాళ్లు

ఎగుమతి చేస్తే కట్టిన సుంకం వాపసు వచ్చేది. ఇంకేం, ఓడకెత్తి, వాపసు పుచ్చుకుని, రాత్రికి రాత్రి అదే సరుకును మరో తీరంలో దింపేవారు. తూకం గుమాస్తాల చేతులు తడిపితే రేవులోనే బరువు తగ్గేది. ఈ దోపిడీ ఆపాలని 1733లో ప్రధాని వాల్పోల్ ఒక బిల్లు తెచ్చాడు. సరుకు గిడ్డంగిలో పెట్టాలి, దేశంలో అమ్మకానికి బయటికి తీసినప్పుడు పన్ను కట్టాలి, ఎక్సైజు అధికారులు కొట్లు తనిఖీ చేయవచ్చు.

పద్ధతి మంచిదే. కానీ సర్కారు మనిషి ఎప్పుడంటే అప్పుడు కొట్టులోకి జొరబడతాడంటే ఏ శెట్టి ఒప్పుకుంటాడు? ఊళ్లు అట్టుడికాయి. పార్లమెంటులో పొగాకు వ్యాపారి మైకాజా పెరీ బిల్లు మీద ధ్వజమెత్తాడు. మెజారిటీ కరిగిపోతుంటే వాల్పోల్ ఏప్రిల్‌లో బిల్లు వెనక్కి తీసుకున్నాడు. ఆ రాత్రి లండన్ వీధుల్లో మంటలేసి అతని దిష్టిబొమ్మ తగలబెట్టారు. 1789లో ప్రధాని పిట్ పొగాకును ఎక్సైజు కిందికి తెచ్చేదాకా కొట్లవాళ్లదే పైచేయి.

నీళ్లలో పడ్డవాడికి పొగ వైద్యం

1774లో లండన్‌లో, మునిగిపోయినవాళ్లను బతికించడానికి ఒక సంఘం పుట్టింది. వాళ్ల పెట్టెల్లో ఒక కొలిమితిత్తి ఉండేది, పొగాకు పొగను రోగి ఆసనం గుండా లోపలికి పంపడానికి. వేడి తగిలి ప్రాణం తిరిగొస్తుందని వైద్యుల నమ్మకం. పొగాకు విషం గుండెను ఆపేస్తుందని 1811లో బెంజమిన్ బ్రోడీ జంతువుల మీద ప్రయోగాలతో చూపించాక ఆ మోజు తగ్గింది.

బ్రిస్టల్ కొట్టు, చీరాల గోడౌను

1786లో హెన్రీ ఓవర్టన్ విల్స్ అనే కుర్రాడు సాల్స్‌బరీ నుంచి బ్రిస్టల్ వచ్చి, ఒక భాగస్తుడితో కలిసి కాసిల్ వీధిలో పొగాకు కొట్టు తెరిచాడు. మనవాళ్లు దశాబ్దాల పాటు పెట్టె మీద చూసిన ‘విల్స్’ ఆయన ఇంటిపేరే. 1901లో ఆ కుటుంబ సంస్థ, మరికొన్ని కలిసి ఇంపీరియల్ టొబాకో అయ్యాయి. మరుసటి ఏడాది ఇంపీరియల్, అమెరికన్ టొబాకో చేయి కలిపి బ్రిటిష్ అమెరికన్ టొబాకో పెట్టాయి. 1910లో కలకత్తాలో ఆ వంశంలోనే పుట్టింది ఇప్పటి ఐటీసీ. 1912లో మొదలైన ఐఎల్‌టీడీ కంపెనీ గుంటూరు సీమలో ఆకు కొనుగోలు చేపట్టి, తర్వాత మన రైతుల చేత వర్జీనియా రకం వేయించి, బ్యారన్లు కట్టించి, చీరాలలో గోడౌన్లు లేపింది. 1976 నుంచి దేశం మొత్తానికీ పొగాకు బోర్డు ఉన్నది గుంటూరులోనే. వర్జీనియా రకం ఎవరు ఎంత పండించాలో లైసెన్సిచ్చి చెప్పేది ఆ బోర్డే.